మత్తడి దుంకిందన్న మాట

నాకు కోపం వస్తే నోరు లేవదు. మూసుకుపోతుంది. చిన్నప్పుడు మా అవ్వ దీన్ని మంచితనం అనుకునేది. "నా కొడుకు ఎవ్వలనీ పల్లెత్తు మాట అనడు" అని వాడకట్టంతా చెప్పుకునేది. అనరానిది అనకపోవడం వేరు, అనాల్సింది అనకపోవడం వేరు. ఆ తేడా నాకు తెలిసేసరికి ఒక మనిషి కుడిచెయ్యి పోయింది. చెయ్యి కంటె పెద్దది ఇంకొకటి కూడా పోయింది.

ఎనభైల్లో సిద్దిపేటలో నాది బోర్డులు రాసే దుకాణం. దుకాణాల పేర్లు, లారీల వెనక రాతలు, ఎన్నికలొస్తే గోడలు. నా పక్క మడిగలో ఒక రేకుల పనివాడు ఉండేవాడు. నాకంటె ఆరేడేళ్లు పెద్ద. నేను భాయ్ అనేవాణ్ని, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. పాలడబ్బాలు, గల్లాపెట్టెలు, నూనె డబ్బాలు చేసేవాడు. ఆయన అతుకు వేసిన డబ్బా కారదని ఊళ్లో పేరు. పాలవాళ్లు దూరం ఊళ్ల నుంచి కూడా ఆయన కోసమే వచ్చేవారు. రేకు అంచులను ఒకదాన్నొకటి పట్టుకునేట్టు మడిచి, సుత్తితో సన్నగా కొట్టి, నవసాగరం రుద్ది, సీసం కరిగించి మడత పొడవునా పారించేవాడు. ఆ పనప్పుడు ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. పని అయ్యాక డబ్బా నిండా నీళ్లు పోసి, గడప మీద పెట్టి, అప్పుడు బీడీ ముట్టించేవాడు. బీడీ అయ్యేలోపు గడప తడిస్తే ఆ డబ్బాను తానే సుత్తితో చదును కొట్టేస్తానని చెప్పేవాడు. అట్లా కొట్టడం నేను ఎన్నడూ చూడలేదు.

ఒకరోజు మిర్చీలు కట్టిచ్చిన కాగితంలో ఒక బొమ్మ వచ్చింది. ఏదో విదేశీ పత్రికలోది. కొండల మధ్య నురగలు కక్కుతున్న సన్నని నీళ్లలో, చేప లాంటి పొడుగు పడవలో నడుము దాకా దిగి కూర్చున్న మనిషి. చేతిలో రెండు కొసలా రెక్కలున్న తెడ్డు. ఆ పడవను కయాక్ అంటారని చాలా ఏళ్ల తర్వాత టీవీలో విన్నాను. అప్పుడు మాకు పేరు తెలియదు. నూనె మరకలతో ఉన్న ఆ కాగితాన్ని భాయ్‌కి చూపించాను.

చాలాసేపు చూసి, "ఇది పడవ కాదు తమ్మీ, పొడుగు డబ్బ. నేను చేస్త" అన్నాడు.

చేశాడు. రోడ్డు వేసేవాళ్లు పారేసిన తారు డ్రమ్ములు తెచ్చాం. నిప్పుల మీద కాల్చి తారు వదిలించి, ఇసుకతో తోమితే లోపల నుంచి తెల్లటి రేకు బయటపడింది. నేను కాగితం మీద కొలతలు గీశాను, ఆయన అతుకులు వేశాడు. మొత్తం ఏడు అతుకులు. తెడ్డుకు వెదురు కట్టె, రెండు కొసలకు నూనె డబ్బా రేకు. పైన నేను ఎర్ర రంగు పూశాను. కోమటిచెరువులో మొదటిసారి దింపినప్పుడు బట్టలు ఉతికే ఒకాయన పని ఆపి చూసి, "సాయిబూ, అండ్ల పాలు పోసుకపోతవా, పెరుగా?" అన్నాడు. భాయ్ పడవలోంచే, "నిన్ను పోసుకపోత, కూసో" అన్నాడు.

చెరువు నీళ్లు నిలకడ నీళ్లు. మాకు కావాల్సింది బొమ్మలోని నీళ్లు. అవి మద్దూరు దిక్కు గుట్టల్లో దొరికాయి. అక్కడ పైన ఒక కుంట, కింద ఒక ఒర్రె. పేరు కూడా లేని చిన్న వాగు. ఏడాదిలో పది నెలలు మేకలు నడిచే తోవ అది. వానలు పడితే మాత్రం బండల మధ్య నాలుగు చోట్ల దూకుతూ కిందున్న మడుగులో పడుతుంది. శుక్రవారం భాయ్ దుకాణం తెరిచేవాడు కాదు. నమాజు అయ్యాక బస్సు టాపు మీద పడవ కట్టేసి వెళ్లేవాళ్లం. దిగినచోటు నుంచి రెండు మైళ్లు భుజాల మీద మోత.

ఆలోచన నాది, బొమ్మ నాది, గీత నాది. నీళ్లు మాత్రం ఆయనకు వశమయ్యాయి. నేను కూర్చుంటే పడవ బోర్లా పడేది. ఆయన కూర్చుంటే బండకూ బండకూ మధ్య జారిపోయేది. ఎట్లా అని అడిగితే, "నీళ్లు గూడ సీసం లెక్కనే తమ్మీ. ఎనక వడి పోతే అందది. అది యాడికి పారాలెనో ముందుగాల మనసుల అనుకోని గాడ నిలవడాలె" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. అప్పటి నుంచే లోపల ఏదో రాజుకుంటూ ఉంది. గుట్టల కింది ఊరివాళ్లు మేం రాగానే "సాయిబు డబ్బ వచ్చింది" అనేవారు. దాని మీద ఎర్ర రంగు ఎవరు పూశారో ఎవరికీ అక్కర్లేదు.

రెండో వానాకాలం అది. మబ్బు పట్టి ఉంది. ఆ రోజు నేను మూడుసార్లు దిగాను, మూడుసార్లూ మొదటి దూకు దగ్గరే పడ్డాను. బండల మీద కూర్చున్న పోరగాళ్లు నలుగురు కడుపులు పట్టుకుని నవ్వారు. వాళ్లు నవ్వితే నాకు అంత నొప్పి లేదు. భాయ్ కూడా నవ్వాడు. నవ్వుతూ నన్ను చెయ్యి పట్టి పైకి గుంజి, వాళ్లు వినేట్టు, "తమ్మీ, నువ్వు దాని మీద పేరు రాయి. నడుపుడు నాకిడిసిపెట్టు" అన్నాడు.

ఎగతాళి కాదు అది. దుకాణంలో రోజుకు పదిసార్లు ఆడుకునే ఆటే. నేను దాన్ని ఆటగా తీసుకోలేదు. బట్టలు పిండుకుంటూ, పళ్లు బిగపట్టి, పై మలుపు దగ్గర ఒక బండ మీద కూర్చున్నాను. నోరు మూసుకుపోయింది.

చినుకులు మొదలయ్యాయి. పోరగాళ్లు పశువులను తోలుకుని వెళ్లిపోయారు. భాయ్ కింద పడవలోని నీళ్లు ఒంపుతున్నాడు. అప్పుడు పైన గుట్ట మీద నుంచి మేకలు కాసే ముసలామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అరిచింది.

"ఓ పిలగా, పైన కుంట మత్తడి దుంకింది. ఒర్రెల దిగకున్రి."

మా దగ్గర పుట్టినవాడికి ఈ మాట విప్పి చెప్పనక్కర్లేదు. చెరువు గానీ కుంట గానీ నిండి, ఎక్కువైన నీళ్లు మత్తడి, అంటే అలుగు, మీద నుంచి పొర్లిపోతే మత్తడి దుంకింది అంటాం. పెద్ద చెరువుకైతే అది పండుగ, బతుకంతా చల్లగా ఉంటుందన్న కబురు. గుట్ట మీది కుంటకైతే అది హెచ్చరిక. ఒక బీడీ కాల్చేంత సేపట్లో ఆ నీళ్లన్నీ ఒకేసారి ఒర్రెలోకి దిగుతాయి. పశువులను ఒర్రె దాటించేవాళ్లు ఆ కేక విన్నారంటే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోతారు. విన్నవాడు కిందివాడికి చెప్పాలి. అక్కడి పద్ధతి అది. ఎంత పగ ఉన్నా చెప్పాలి.

నీళ్ల చప్పుడులో భాయ్‌కి కేక వినబడింది, మాటలు వినబడలేదు. తల పైకెత్తి అడిగాడు. "ఏమంటుంది తమ్మీ?"

నేను అన్నాను. "ఏం లేదు. మేకపిల్ల తప్పిందట."

"అయ్యో పాపం. ఒక్కసారి దిగొస్త. మర్లి పోయేటప్పుడు దేవులాడుదం" అన్నాడు. అని పడవలో కూర్చున్నాడు.

ఆయన చావాలని నేను కోరుకోలేదు. బోర్లా పడాలని, తడవాలని, నా ముందు ఒక్కసారి ఓడిపోవాలని కోరుకున్నాను. అంతే అనుకున్నాను. ఆ "అంతే" అన్న మాటను చాలా ఏళ్లు దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. దాన్ని తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకు వచ్చే కోపానికి పేరు లేదు. నీళ్లు ఎంత వస్తాయో నాకు తెలుసు. ఆ బండలు ఎట్లా ఉంటాయో తెలుసు. తెలిసినవాడు "అంతే" అనడానికి వీల్లేదు.

మొదటి దూకు దాటాడు, రెండోది దాటాడు. మూడో దానికి ముందు నీళ్ల రంగు మారింది. అప్పటిదాకా తేటగా ఉన్నవి ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. తర్వాత చప్పుడు వచ్చింది. పడవ అడ్డం తిరిగి రెండు బండల మధ్య ఇరుక్కుంది, వెనక నుంచి వచ్చిన నీళ్లు దాన్ని విస్తరాకు మడిచినట్టు మడిచేశాయి. ఆయన కుడిచెయ్యి బండకూ రేకుకూ నడుమ చిక్కింది. నేను దూకాను. ఎట్లా చేరానో, ఎట్లా లాగానో తెలియదు. ఒడ్డున పడ్డాక చూస్తే ఆ చేతి కొస రెండు వేళ్లు తోలుకు వేలాడుతున్నాయి.

ఎడ్లబండిలో రోడ్డు దాకా, అక్కడి నుంచి ఇసుక లారీలో సిద్దిపేట దవాఖానకు. ఆ వేళ్లు రెండూ తీసేశారు. మణికట్టు అతికింది గానీ మళ్లీ తిరగలేదు. తెలివి వచ్చాక ఆయన మొదట అన్న మాట చెయ్యి గురించి కాదు.

"నా అతుకు ఇడిసింది తమ్మీ. ఫట్ మని చప్పుడు నాకు ఇనవడ్డది."

చెప్పడానికి అదే సమయం. ఆయన ఎడమచెయ్యి నా చేతిలోనే ఉంది. నేను, "కావచ్చు భాయ్" అన్నాను.

వారం తర్వాత ఒక్కణ్నే ఆ ఒర్రెకు పోయాను. నీళ్లు తగ్గి పడవ బండల మధ్య కనబడుతోంది. ఏడు అతుకులనూ వేలితో తడుముతూ చూశాను. ఒక్కటి కూడా విడవలేదు. రేకు నడిమి భాగంలో, అతుకుకు జానెడు దూరంలో, బండ కొస గుచ్చుకున్నచోట చిరిగింది. అతుకుల దగ్గర నా రంగు కూడా పగలలేదు.

దాన్ని సిద్దిపేటకు మోసుకొచ్చి ఆయన మంచం పక్కన పెట్టాల్సింది. నేనేం చేశానో రాయడానికి చెయ్యి ఆడటం లేదు, అయినా రాస్తాను. పక్కనే చెలకలో ఒక పాడుబడ్డ బావి ఉంది. పడవను ఈడ్చుకుపోయి అందులో తోసేశాను. అతుకులు బాగున్నాయంటే మరి ఏం జరిగిందని అడుగుతారు. అడిగితే ముసలామె కేక దగ్గరికి వస్తుంది. ఆ తోవను అక్కడే పూడ్చాను.

ఊరు ఊరుకోలేదు. ఛాయ్ హోటల్లో, "సాయిబు అతుకు నీళ్లల్ల గుట్టు ఇప్పిందట" అని నవ్వుకునేవారు. నేను అదే బల్ల మీద కూర్చుని ఛాయ్ తాగేవాణ్ని. ఆర్నెల్లకు భాయ్ మళ్లీ దుకాణం తెరిచాడు. ఎడమ చేత్తో నేర్చుకొమ్మని ఆయన భార్య, మా భాబీ, పోరితే నేర్చుకున్నాడు. ఒక పాలడబ్బా చేశాడు. మునుపటంత నున్నగా లేదు గానీ మంచి డబ్బా. తీసుకోవడానికి వచ్చిన పాలాయన పాత ఖాతాదారే. నీళ్లు పోసి గడప మీద పెట్టి, ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"ఏం చూస్తున్నవ్ పటేలా?" అన్నాడు భాయ్.

"ఏం లేదు. నీ అతుకు ఇడుస్తదంటున్నరు గద. జర నిమ్మళంగ చూస్త."

ఒక బీడీ కాదు, పొద్దు వాలేదాకా చూశాడు. గడప తడవలేదు. పాలాయన డబ్బా తీసుకుని వెళ్లాడు. భాయ్ లేచి నా దుకాణంలోకి వచ్చి, "తమ్మీ, నా బోర్డు మీద తెల్ల రంగు గొట్టు" అన్నాడు. ఆ అక్షరాలు నేను రాసినవే. నేనే వాటి మీద తెల్ల రంగు పూశాను. రెండు పూతలు పూస్తే గానీ అక్షరాలు మునగలేదు. అప్పుడు కూడా నోరు తెరవలేదు.

ఆ తర్వాత ఆయన బస్టాండు ముందు అరటిపండ్ల బండి పెట్టుకున్నాడు. నేను అటు పోతే పిలిచి రెండు పండ్లు చేతిలో పెట్టేవాడు. పక్క బండివాళ్లకు నన్ను చూపించి, "నన్ను నీళ్లల్లకెల్లి గుంజింది ఈ తమ్మే" అనేవాడు. ఆ పండ్లు నేను తిన్నాను. దాదాపు పన్నెండేళ్లు తిన్నాను.

నాకై నాకు బుద్ధి వచ్చి చెప్పానని అనుకోవద్దు. తొంభైల చివర ఒక కరువేడు బావులన్నీ ఎండాయి. ఛాయ్ హోటల్లో మద్దూరు దిక్కు రైతు ఒకతను ఎవరితోనో అంటుంటే విన్నాను. "బాయి పూడిక తీస్తుంటే ఎర్రటి రేకు పడవ ఎల్లింది. ఎవని బొందల పెట్టినరో ఏమో." ఎవరైనా దాన్ని తెచ్చి పాత ఇనుము కింద సిద్దిపేటలో అమ్మితే, భాయ్ కంట పడితే. ఆ భయమే నన్ను నడిపింది. పశ్చాత్తాపం అయ్యుంటే పన్నెండేళ్లు ఎందుకు పట్టేది.

మర్నాడే పోయాను. పడవ బావి గడ్డ మీద పడేసి ఉంది. రైతును అడిగి, ఉలితో నడిమి అతుకును రెండు మూరల పొడవున, రెండు పక్కలా జానెడు రేకుతో సహా కోసుకున్నాను. గోనెసంచిలో చుట్టి తెచ్చి ఆయన బండి మీద, పండ్ల పక్కన పెట్టి విప్పాను. అప్పుడు చెప్పాను. ముసలామె కేక, మేకపిల్ల, బావి, అన్నీ. చెప్తున్నంతసేపూ ఆయన నన్ను చూడలేదు, రేకునే చూశాడు. మిగిలిన మూడు వేళ్లతో అతుకు మీద ఒక కొస నుంచి ఇంకో కొస దాకా రాశాడు.

"ఆమె ఏమన్నదో మల్లొక్కసారి అను" అన్నాడు.

"పైన కుంట మత్తడి దుంకింది, ఒర్రెల దిగకున్రి."

"గంతేనా?"

"గంతే భాయ్."

"గా ఆరు మాటలు నీ నోట్లె పట్టలేదు."

ఆయన బండి అంచు మీద రేకు రెండు కొసలూ పైకి వంచి, తొట్టిలా నా రెండు చేతుల్లో పెట్టాడు. తాగే నీళ్ల కుండలోంచి చెంబుతో ముంచి అందులో పోశాడు. "పట్టుకో. కదలకు" అని ఎదురుగా గొంతుకూర్చుని కింది వైపు చూడసాగాడు. పండ్లకు వచ్చినవాళ్లు ఏమిటని అడిగారు. "ఆగున్రి" అన్నాడు. నా చేతులు గుంజసాగాయి. బస్సులు వచ్చాయి, పోయాయి. అతుకు కింద ఒక్క చుక్క కూడా రాలేదు.

అప్పుడు లేచాడు. గొంతు పెంచలేదు, కానీ అంత కోపం నేను ఏ మనిషిలోనూ చూడలేదు.

"చెయ్యి గురించి అడుగుత లేను. చెయ్యి నీళ్లు తిన్నయి, బండ తిన్నది, నువ్వు తిన్నవ్, ఎవ్వలు తిన్నా పాయె. గీ అతుకు మంచిగున్నదని ఎరికుండి నాతోని బోర్డు తుడిపిచ్చినవ్. రోజు నేను నా చేతిని తిట్టుకున్న. పోయిన చేతిని గాదు, పని జేసిన చేతిని. ఇంటున్నవా? అల్లా ఇచ్చిన పనిని తిట్టిన నేను."

"భాయ్..."

"భాయ్ నక్కో, గట్ల పిలువకు. మాఫీ గూడ నక్కో. ఎవలెవల నోట్లె నా అతుకు కారిందో, వాళ్ల నోట్లెకెల్లి తీసుకరా. పో."

పోయాను. ఛాయ్ హోటల్‌తో మొదలుపెట్టాను. నిలబడి అందరికీ వినబడేట్టు చెప్పాను. బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఏ పడవ? ఏ సాయిబు?" అన్నాడొకడు. పాతవాడొకడు, "ఓ, అదా. గిప్పుడు గదెందుకయా" అని ఛాయ్‌లో బిస్కెట్ ముంచుకున్నాడు. ఇనుప సామాను దుకాణాలకు పోయాను, పాలకేంద్రం దగ్గర నిలబడ్డాను, గుట్టల కింది ఊరికి కూడా పోయాను. కొందరికి గుర్తు లేదు. గుర్తున్నవాళ్లకు పట్టింపు లేదు. ఒక మనిషి పనిని చంపిన మాటను, చంపినవాళ్లు అంత తేలిగ్గా మరిచిపోయారు. వాళ్ల మీద మండిపడ్డాను. తర్వాత నాకే సిగ్గేసింది. వాళ్లకు తెలియక అన్నారు. తెలిసి విన్నవాణ్ని నేనొక్కణ్ని.

పొద్దు వాలేదాకా గడప దగ్గర కూర్చున్న పాలాయన ఇంటికి చివర పోయాను. కొడుకు బయటికి వచ్చాడు. "మా నాయిన పోయి నాలుగేండ్లాయె" అన్నాడు. లోపల దండెం కింద ఒక పాలడబ్బా కనబడింది. అంత నున్నగా లేని అతుకు. ఇంకా వాడుతున్నారా అని అడిగాను. "రోజు వాడుతం. కారదు" అన్నాడు.

తిరిగొచ్చి ఇవన్నీ భాయ్‌కి చెప్పాను. పాలాయన పోయాడన్నప్పుడు పండ్లు సర్దుతున్న చెయ్యి ఆగింది.

"అయితే గాయిన నా అతుకు నీళ్లల్ల ఇడిసిందనే అనుకోని పోయిండు" అన్నాడు.

"డబ్బ ఇంకా నడుస్తుంది భాయ్. కారదని కొడుకు అన్నడు."

"కొడుకు అన్నడు." అంతే అని, బండి మీద గోనెపట్ట సరిచేసుకున్నాడు.

ఆ రెండు మూరల అతుకు ముక్కను ఆయన పారేయలేదు. బండి ముందు వైపు, వచ్చేవాళ్లకు కనబడేట్టు మేకు కొట్టి వేలాడదీశాడు. దాని గురించి ఎవరైనా అడిగితే, "నేను జేసిందే. కారదు" అంటాడు. దుకాణం మాత్రం మళ్లీ తెరవలేదు. అటు పోయినప్పుడల్లా నేను ఆగుతాను. పండ్లు ఇస్తాడు, లెక్క ప్రకారం పైసలు తీసుకుంటాడు. నన్ను తమ్మీ అనడం లేదు. "ఎన్ని గావాలె పేంటర్?" అంటాడు. ఎన్ని కావాలో చెప్తాను. నోరు మూసుకుపోకుండా చూసుకుంటున్నాను.